పెన్న సీమలో రెండు కల్యాణ మంటపాలు

బెంగళూరులో ఉంటూ నంది కొండకు వెళ్లని తెలుగువాళ్లు అరుదు. తెల్లవారకముందే కారెక్కి, కొండ మీద మంచు విడిపోయేదాకా నిలబడి, సూర్యోదయాన్ని ఫోనులో పట్టుకుని, దేవనహళ్లి దగ్గర ఇడ్లీ వడ తిని, ఎండ ముదరకముందే ఇంటికి చేరుకోవడం ఇక్కడ సెలవురోజు ఆనవాయితీ. ఆ కొండ పాదాన, నంది గ్రామంలో, వెయ్యేళ్లు దాటిన భోగనందీశ్వరాలయం ఒకటి ఉన్నదని చాలామందికి తెలియదు. తెలిసినా, నిద్రచాలని కళ్లతో అటు బండి తిప్పే ఓపిక మిగలదు. నేను చెప్పబోయేది కొండ పైభాగం గురించి కాదు. ఆ కొండల్లో పుట్టి గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా ఉత్తరానికి సాగే పెన్నను అనుసరిస్తూ లేపాక్షి దాకా వెళ్లే ఒక దారి గురించి. ఆ దారి మొదట ఒక కల్యాణ మంటపం ఉంది, చివర మరొకటి ఉంది.

మాది నెల్లూరు. రంగనాథస్వామి గుడిని ఆనుకుని పారే పెన్నను చూస్తూ పెరిగినవాళ్లకు ఇక్కడి పెన్నను చూపిస్తే నమ్మరు. దాదాపు 600 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే నది ఇక్కడ, వానాకాలంలో తప్ప, ఇసుకా తుమ్మచెట్లూ నిండిన ఒక వాగు మాత్రమే. నీరంతా చెరువుల్లో ఆగుతుంది. ఒక చెరువు నిండి మరవ (అలుగు) పారితేనే కింది చెరువుకు అందుతుంది. ఈ సీమలో రాజులు, పాళెగాళ్లు గుడి కట్టినంత శ్రద్ధగా చెరువూ తవ్వించడానికి కారణం ఇదే.

భోగనందీశ్వరాలయపు ప్రస్తావన 806 నాటి శాసనాల్లోనే కనిపిస్తుంది. ఆ తరువాత గాంగులు, చోళులు, హొయసలులు, విజయనగర ప్రభువులు ఎవరికి తోచినది వారు చేర్చుకుంటూ పోయారు. రెండు పెద్ద గర్భగుళ్లు పక్కపక్కన ఉంటాయి: ఒకదానిలో అరుణాచలేశ్వరుడు, మరొకదానిలో భోగనందీశ్వరుడు. మొదటివాడు శివుని బాల్యరూపమనీ, రెండవవాడు యౌవనరూపమనీ, కొండ మీద ఉన్న యోగనందీశ్వరుడు అన్నీ విడిచిపెట్టిన వైరాగ్యరూపమనీ స్థలపురాణం చెబుతుంది. వైరాగ్యమూర్తికి ఉత్సవాలు ఉండవు కనుక సంబరమంతా కిందిగుడిలోనే.

ఈ రెండు గుళ్ల నడుమ ఉమామహేశ్వరుల చిన్న గుడి, దాని ఎదుట నల్లరాతి కల్యాణ మంటపం ఉన్నాయి. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఇదే. శివపార్వతులు, బ్రహ్మ సరస్వతులు, లక్ష్మీనారాయణులు, స్వాహాదేవితో అగ్నిదేవుడు — దంపతులుగా ఈ స్తంభాల మీద కొలువుతీరారు. హోమం లేని పెళ్లి లేదు కాబట్టి అగ్నిని కూడా భార్యాసమేతంగా పిలిచిన శిల్పి ఆలోచన నాకు ఎంతో నచ్చింది. దగ్గరగా వంగి చూస్తే తీగలు మెలికలు తిరుగుతూ పైకి పాకుతాయి, ఆ మెలికల సందుల్లో పక్షులు కూర్చుని ఉంటాయి. నేను వెళ్లిన పూట ఒక కొత్త జంట గుడి కోనేరు శృంగితీర్థం మెట్ల మీద ఫొటోగ్రాఫరు చెప్పినట్లల్లా తలలు తిప్పుతూ గంటసేపు గడిపింది గాని, వందడుగుల దూరంలో ఉన్న ఈ పెళ్లిమంటపం వైపు రానే లేదు.

నందికి దగ్గరలోనే ముద్దేనహళ్లి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలం. వారి పూర్వులు ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం నుంచి వలస వచ్చిన తెలుగువారు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదుకు రక్షణ పథకం రూపొందించిన ఇంజనీరు ఇంత చిన్న ఇంట్లో పుట్టారా అనిపిస్తుంది. అరగంట చాలు.

గౌరిబిదనూరు దాటాక, ఆంధ్ర సరిహద్దుకు కాస్త ఇవతల, పెన్న ఒడ్డున విదురాశ్వత్థం వస్తుంది. రావిచెట్టును విదురుడు నాటాడని ప్రతీతి. చుట్టూ ఎటు చూసినా సంతానం కోరి ప్రతిష్ఠించిన నాగప్రతిమలే. పాలు, పసుపు అమ్ముతున్న ఒక ముసలామె “యా ఊరు సామీ మీది?” అని సీమయాసలోనే పలకరించింది. “బెంగళూరు అవ్వా” అంటే, “అంత దూరం నుంచి వచ్చి ఉత్త చేతుల్తో పోతారా?” అని పాలచెంబు చేతిలో పెట్టింది. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ, నిషేధాజ్ఞలను ధిక్కరించి జాతీయ పతాకం ఎగరేయడానికి గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి పలువురిని బలిగొన్నారు. దీనిని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు. స్మారకం గుడికి దగ్గరలోనే ఉంది, కాని నాగప్రతిమల వద్ద ఉన్న రద్దీలో పదో వంతు కూడా అక్కడ కనిపించదు.

ఇక లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కూర్మశైలం అనే తాబేలు ఆకారపు గుట్ట మీద కట్టించిన వీరభద్రాలయం ఇది. లోపలికి అడుగుపెట్టగానే కనిపించేది, అడుగు నేలకు పూర్తిగా ఆనని వేలాడే స్తంభం చుట్టూ జనం. ఒకరి తరువాత ఒకరు తువ్వాలు, చున్నీ, చేతిరుమాలు స్తంభం కిందుగా దూర్చి అటు నుంచి లాగుతారు, చప్పట్లు కొడతారు, వెళ్లిపోతారు. విచిత్రమే, కాదనను, కాని ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో తల పైకెత్తినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అసలు లేపాక్షి ఉన్నదేమో కప్పు మీద.

సున్నపు పూత మీద ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులతో విజయనగరం మనకు వదిలిపోయిన చిత్రాల్లో ఇంతటివి మరెక్కడా ఇన్ని మిగలలేదు. పార్వతీకల్యాణం, కిరాతార్జునీయం, మనునీతిచోళుని కథ, మర్రాకు మీది చిన్నికృష్ణుడు వరుసగా సాగుతాయి. నిర్మాతలైన అన్నదమ్ములు కూడా పొడవాటి కుళ్లాయిలు పెట్టుకుని పరివారంతో కనిపిస్తారు. ఆడవాళ్ల చీరలను చూడండి: ఒక్కో చీరకూ వేరే గళ్లు, వేరే పువ్వులు, వేరే అంచు, పక్కపక్కన నిలబడ్డ చెలికత్తెల బట్టలు కూడా కలవకుండా గీశాడు చిత్రకారుడు. మెడ నొప్పి పుడితే ఒక ఉపాయం చెబుతాను. ఫోనులో ముందువైపు కెమెరా తెరిచి, నడుము దగ్గర వెల్లకిలా పట్టుకుంటే కప్పంతా అరచేతిలో అద్దంలా కనిపిస్తుంది. ఫ్లాష్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి.

బయటకు వస్తే, ఏడుపడగల నాగలింగం వెనుకభాగాన, పూర్తికాని కల్యాణ మంటపం. శివపార్వతుల పెళ్లికి తరలివచ్చిన దేవతలు, ఋషులు స్తంభాలకొకరుగా నిలబడి ఉన్నారు, కాని పైన కప్పు లేదు. అతిథులంతా నాలుగు వందల ఏళ్లకు పైగా ఎండలోనే ఉన్నారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న అభియోగం వచ్చి, రాజు శిక్షించకముందే విరుపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని కథ. గోడ మీది రెండు ఎర్రని మరకలను గైడ్లు చూపిస్తారు. కథను నమ్మినా నమ్మకపోయినా, పని ఆగిపోయిన చోటు మాత్రం కళ్లెదుట ఉంది. నందిలోని మంటపంలో శిల్పి చేతి ఒడుపును దాచిపెట్టిన నునుపు అంతా ఇక్కడ లేదు కాబట్టి, స్తంభాన్ని ముందు ఎలా నిలిపారో, బొమ్మను ఎంతవరకు తెచ్చి వదిలారో తెలుస్తుంది. అందుకే ఈ రెంటినీ ఒకే రోజున, ఈ క్రమంలోనే చూడమంటాను.

లేపాక్షికి జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దాకా వెళ్లి తిరిగితే తొందరగా చేరవచ్చు, కాని ఆ దారిలో నది గానీ విదురాశ్వత్థం గానీ తగలవు. వెళ్లేటప్పుడు గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా వెళ్లి, లేపాక్షి ఊరి మొదట్లో ఉన్న ఏకశిలా నందిని పొద్దు వాలుతుండగా చూసుకుని, రాత్రి తిరుగు ప్రయాణానికి రహదారి ఎక్కడం మేలు.