మెగ్నీషియం ఇంప్లాంట్ కరుగుదల: ముందు ద్రావణాన్ని చూడండి

కృత్రిమ శరీర ద్రవంలో, అంటే రక్త ప్లాస్మాలోని లవణాలను అనుకరించే పరీక్ష ద్రావణంలో, ఇంప్లాంట్‌కి వాడే మెగ్నీషియం మిశ్రలోహం గబగబా కరిగిపోతే తప్పంతా లోహానిదే అనుకోవద్దు. ముందు బఫర్‌ని, అంటే ద్రావణం పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) మారకుండా ఉంచే రసాయనాన్ని, అనుమానించండి. ట్రిస్ అనే బఫర్ వాడితే, లోహం దగ్గర పుట్టే హైడ్రాక్సైడ్‌ని అది తటస్థం చేసేస్తుంది, రక్షణ పొర నిలవదు. పైగా ఎక్కువమంది వాడే ద్రావణంలో క్లోరైడ్ లీటరుకు 147.8 మిల్లీమోల్స్, రక్త ప్లాస్మాలో 103 మాత్రమే. బైకార్బనేట్ అయితే 27కి బదులు 4.2. ఇంత తేడా పెట్టుకుని శరీరంలో వేగాన్ని అంచనా వేయడం నాకు నచ్చదు.

ద్రావణం నమూనా ఉపరితలం చదరపు సెంటీమీటరుకు కనీసం 20 మిల్లీలీటర్లు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. తక్కువ పోస్తే పీహెచ్ పెరిగి కరుగుదల మందగిస్తుంది, లోహం మంచిదన్న భ్రమ కలుగుతుంది. నమూనాని సిలికాన్ కార్బైడ్ కాగితంతో రుద్దాక ఇథనాల్‌తోనే కడగండి, నీళ్లు వద్దు.

మెగ్నీషియం నీటితో చర్య జరిపి కరిగేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాన్ని కొలవడం నాకు ఇష్టమైన పద్ధతి: ఒక మిల్లీలీటరు వాయువు వచ్చిందంటే దాదాపు ఒక మిల్లీగ్రాము లోహం పోయినట్టే. మొదట్లో కొంత వాయువు ద్రావణంలోనే కరిగిపోతుంది కాబట్టి తొలి రీడింగులు తక్కువ చూపిస్తాయి. బరువు నష్టంతో సరిచూడాలంటే తుప్పుని క్రోమిక్ ఆమ్లంతో తీయాలి. అది క్యాన్సర్ కారకం, ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే ల్యాబ్ గూడు) లేకుండా ముట్టుకోకండి. శుభ్రమైన నమూనానొకదాన్ని కూడా అందులో ముంచి, ఎంత బరువు తగ్గిందో చూసి, అసలు నమూనా బరువు నష్టంలోంచి ఆ మేరకు తీసేయండి.

ఒకే మూలన గుంటలు పడితే లోహంలో ఇనుము, నికెల్, రాగి మలినాలు ఎంతున్నాయో చూడండి; అవి ఉన్నచోట తుప్పు వేగం పెరుగుతుంది.