చెరువు కట్ట అనుకున్నా, కోట గోడట!

ఖిలా వరంగల్‌కి ఎవరు వెళ్లినా తోరణాల దగ్గర ఫోటో దిగి, ఖుష్‌మహల్ ఓ చుట్టు చుట్టి వచ్చేస్తారు. నేనూ మూడుసార్లు అదే పని చేశా. నాలుగోసారి ఆటోలో వెళ్తుంటే రోడ్డు పక్కన గడ్డి, ముళ్లపొదలతో ఎత్తుగా ఓ కట్ట కనిపించి "అన్నా, ఇక్కడ చెరువుందా?" అని అడిగా. "చెరువు గాదు సార్, అది మట్టికోట" అన్నాడు, ఎక్కడి నుంచి దిగావయ్యా అన్నట్టు అద్దంలోంచి చూస్తూ.

ఆపమని దిగి ఆ కట్ట ఎక్కాను. కట్ట కాదు, చిన్న గుట్టే. పైన మేకలు మేస్తున్నాయి.

కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడని కూతురు రుద్రమదేవి 20 అడుగుల దాకా పెంచింది. అంతటితో ఊరుకోకుండా దాని బయట దాదాపు 2.4 కిలోమీటర్ల అడ్డకొలతతో గుండ్రంగా ఈ మట్టిగోడ పోయించి, చుట్టూ 150 అడుగుల వెడల్పు అగడ్త తవ్వించింది. రాయి ఉండగా మట్టెందుకు అనుకుంటాం కదా, 1310లో ఢిల్లీ సుల్తాన్ సేనాని మాలిక్ కాఫర్ సేన వచ్చినప్పుడు తెలిసింది ఎందుకో. ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాసిందాని ప్రకారం ఉక్కు బల్లెంతో పొడిచినా ఆ మట్టిలో దిగలేదు, యంత్రాలతో విసిరిన గుండ్లు పిల్లలాడుకునే కాయల్లా ఎగిరి వెనక్కి పడ్డాయి. శత్రువు వైపు మనిషి రాసిన మాట ఇది, మనవాళ్ల గొప్పలు కాదు. నాకైతే ఆశ్చర్యం అనిపించలేదు. పాకాల, రామప్ప చెరువులకి కట్టలు పోసిన కాలం వాళ్లకి మట్టిని ఎలా గట్టిపరచాలో ఒకరు చెప్పాలా!

అయినా సేన మట్టికోట దాటి రాతికోట అగడ్త దాకా వచ్చేసరికి అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు రాజీకొచ్చాడు. 1323లో ఢిల్లీ సేనతో ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి ముట్టడించాక ఓరుగల్లు పోయింది, పేరు కూడా సుల్తాన్‌పూర్ అయింది.

రాతికోట సంగతి వేరు. సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద నల్లరాళ్లు, 45 బురుజులు. లోపలివైపు గోడ పొడుగునా మెట్లే, సైనికులు ఎక్కడికక్కడ పైకి పరిగెత్తడానికి. ద్వారం మాత్రం తిన్నగా ఉండదు. లోపలికి రాగానే ఎదురుగా గోడ, పక్కకి తిరగాలి, మళ్లీ తిరగాలి. ఏనుగులు వేగంగా వచ్చి తలుపుల్ని గుద్దకుండా, వచ్చినవాళ్లు ఆ సందులో చిక్కి పైనుంచి దెబ్బలు తినేలా.

ఇప్పటికీ ఊరి రోడ్డు ఆ మలుపుల్లోంచే. హారన్ కొట్టుకుంటూ తిరిగాం, అటునుంచి గడ్డి ట్రాక్టర్ ఎదురైంది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి మావాడే గొణుక్కుంటూ వెనక్కి తీశాడు.