పట్టపుపాలెం బడిలో సముద్రపు తాబేలు: బొమ్మల పని ఎంతవరకు వచ్చింది

మైపాడు తీరంలోని ఒక పట్టపుపాలెం (మత్స్యకారుల ఊరు) ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు సముద్ర జీవుల రక్షణను చేతిపనుల ద్వారా నేర్పే పనిని అక్టోబరులో మొదలుపెట్టాను. బొమ్మలు చేయడం నాకు చిన్ననాటి నుంచి ఉన్న అభిరుచి. బడి ప్రధానోపాధ్యాయురాలు శనివారం మధ్యాహ్నాలను నాకు కేటాయించడంతో ఆ అభిరుచికి ఒక ప్రయోజనం ఏర్పడింది. ఈ ఏడాదికి ఒకే ప్రాణిని, ఆలివ్ రిడ్లే తాబేలును తీసుకున్నాను. అది జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకే వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి కనుక పులికి ఉన్న రక్షణే దానికీ ఉన్నది.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం నిశ్చయించుకున్నాను. ఈ పిల్లల తండ్రులందరూ చేపల వేటకు వెళ్ళేవారే. వలలో చిక్కి చనిపోయిన తాబేలు ఫొటో చూపించి పాఠం ప్రారంభిస్తే, ఆరేళ్ళ బిడ్డ తన నాయన చేసే పని చెడ్డదన్న తలంపుతో ఇంటికి వెళుతుంది. అది అన్యాయం, పైగా అబద్ధం కూడా. అందువల్ల ముందు తాబేలు శరీరం, దాని నడక, దాని గూడు పిల్లల చేతికి తెలియాలి, ఆ తరువాతే అపాయం సంగతి రావాలి, అపాయం చెప్పిన రోజునే దానికి ఉపాయం కూడా చేతితో చేసి చూడాలి. చేసిన ప్రతి బొమ్మనూ ఈ కొలతతోనే సరిచూసుకుంటున్నాను.

అక్టోబరు, నవంబరు: నిలువెత్తు తాబేలు

ఆలివ్ రిడ్లే డిప్ప పొడవు 60 నుంచి 70 సెంటీమీటర్లు, వెడల్పు కూడా దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి అచ్చు కోసం ప్రత్యేకంగా కష్టపడవలసిన పని లేదు, ఆ కొలతకు దగ్గరగా ఉన్న వెదురు గంపను బోర్లిస్తే సరిపోతుంది. పాత నోటుపుస్తకాల కాగితాన్ని రెండు రాత్రులు నానబెట్టి, రోట్లో మెత్తగా రుబ్బి, నానబెట్టి రుబ్బిన మెంతులను కలిపాను. కాగితపు గుజ్జుతో చాటలకు, బుట్టలకు పూత వేసేటప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చేసే పద్ధతి ఇదే. మెంతుల జిగురు గుజ్జును పట్టి ఉంచుతుంది, చేదు వల్ల పురుగు కూడా తొందరగా చేరదు.

నెల్లూరు జిల్లాలో అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే కురుస్తాయి గనుక, ఈ రెండు నెలల్లో కాగితపు గుజ్జు పని చేయదలచినవారు ఆరబెట్టడం గురించి ముందే ఆలోచించుకోవాలి. అర సెంటీమీటరు మందానికి మించకుండా ఒక పూత వేయాలి, అది పూర్తిగా ఆరిన తరువాతే రెండో పూత వేయాలి. మందంగా వేస్తే పైన గట్టిపడి లోపల బూజు పడుతుంది. గంపను నేలకు ఆనించకుండా నాలుగు ఇటుకల మీద నిలిపి, కింది నుంచి గాలి తగిలేలా ఉంచాను.

డిప్ప మీది పలకలను గీయడం ఈ బొమ్మలో ముఖ్యమైన పని. ఆలివ్ రిడ్లేకు నడిమి వరుసకు ఇరుపక్కలా ఉండే పలకలు సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది వరకు ఉంటాయి, కుడివైపు లెక్క ఎడమవైపు లెక్కతో సమానంగా ఉండాలన్న నియమం లేదు. పచ్చ తాబేలుకైతే ఒక్కో వైపు నాలుగే. నేను కుడివైపు ఏడు, ఎడమవైపు ఆరు గీశాను. ఒకటో తరగతి పిల్లలు వేలు పెట్టి లెక్కపెట్టి, రెండువైపులా ఒకే సంఖ్య రాలేదని మళ్ళీ లెక్కపెట్టారు, మూడోసారి కూడా లెక్కపెట్టారు. తాబేలును తాబేలుగా కాక, ఫలానా తాబేలుగా గుర్తించే చూపు వారికి ఆ లెక్కతోనే మొదలైంది.

బరువు తెలియడానికి బొమ్మ పనికిరాదు. పెద్ద తాబేలు 35 నుంచి 45 కిలోల వరకు తూగుతుంది. మధ్యాహ్న భోజనం గదిలోని 26 కిలోల బియ్యం బస్తా పక్కన పది కిలోల ఇసుక సంచి పెట్టి, రెండింటినీ గోనెపట్టా మీద ఉంచి లాగమన్నాము. నలుగురు పిల్లలు కలిసి లాగితే కొద్దిగా కదిలింది. అంత బరువును తాబేలు మెత్తటి ఇసుకలో కాళ్ళతో నెట్టుకుంటూ పైకి ఎక్కుతుందన్న మాట అప్పుడు వారికి అర్థవంతమైంది.

డిసెంబరు: జాడలు

ఇది ఖర్చు లేని పని, నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని కూడా. బడి ఆవరణలో ట్రాక్టరు ఇసుక పోయించి, జల్లెడ పట్టించి, గాజుపెంకులు, మేకులు లేవని నిర్ధారించుకున్నాము. ఆలివ్ రిడ్లే కుడి ముందుకాలు, ఎడమ వెనుకకాలు ఒకసారి, ఎడమ ముందుకాలు, కుడి వెనుకకాలు మరోసారి వేస్తూ పాకుతుంది. పచ్చ తాబేలు రెండు ముందుకాళ్ళనూ ఒకేసారి వేసి ఒళ్ళంతా ఎత్తి ముందుకు దూకినట్లు కదులుతుంది. పిల్లలు తడి ఇసుక మీద రెండు విధాలుగానూ పాకి, తమ జాడలను తామే పోల్చుకున్నారు. మొదటి పద్ధతిలో జాడ ఒకటి విడిచి ఒకటిగా పడుతుంది, రెండో పద్ధతిలో జతలు జతలుగా పడుతుంది. ఇసుకను ముందు నీళ్ళతో తడిపి చదును చేయకపోతే జాడ నిలవదు.

పెద్ద తాబేలు జాడ వెడల్పు 70 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుందని చెప్పి, ఆ కొలతకు కొబ్బరి తాడు ముక్కలు కోసి పిల్లలకు ఇచ్చాను. ఒడ్డున జాడ కనిపిస్తే తాడు పెట్టి చూడవచ్చును గాని, జాడ చివర ఉన్న గూటిని తాకరాదని, ఇంట్లో పెద్దవాళ్ళ ద్వారా అటవీశాఖ వారికి తెలియజేయాలని ప్రతిసారీ చెప్పాను. గుడ్లను తీయడం, దగ్గర ఉంచుకోవడం చట్టరీత్యా నేరం.

జనవరి, ఫిబ్రవరి: గూడు, గుడ్లు, చుక్క

సంక్రాంతి సెలవులు ముగిశాక గూటి పని చేపట్టాము. ఒక గూటిలో సుమారు 100 నుంచి 120 గుడ్లు ఉంటాయి, ఒక్కో గుడ్డు అడ్డుకొలత దాదాపు 4 సెంటీమీటర్లు. మైదా ఉడికించిన జిగురుతో తడిపిన కాగితాన్ని ఉండలు చేసి, సున్నం పూసి ఆరబెట్టాము. పదేసి చొప్పున పదకొండు వరుసలు పేర్చడంతో 110 సంఖ్య పిల్లల కళ్ళెదుట నిలిచింది. పదుల లెక్క చెప్పడానికి వారి టీచరు ఇప్పుడు ఈ గుడ్లనే వాడుతున్నారు.

గుంత సుమారు 45 సెంటీమీటర్ల లోతు ఉండాలి, పైన సన్నంగా, అడుగున వెడల్పుగా ఉండాలి. ఆడ తాబేలు దీనిని వెనుకకాళ్ళతోనే, కంటితో చూడకుండా తవ్వుతుంది. పిల్లలు గుంతకు వీపు పెట్టి కూర్చుని, వెనక్కి చేతులు చాచి కొబ్బరి చిప్పలతో తవ్వారు. లోపలి ఇసుక తడిగా లేకపోతే గోడలు కూలుతాయి కనుక ముందురోజు సాయంత్రమే నీళ్ళు పోయించాలి. గుడ్లు పెట్టి పూడ్చిన తరువాత తాబేలు తన పొట్టతో ఇసుకను దిమ్మిస కొట్టినట్లు అదుముతుంది. ఈ భాగాన్ని పిల్లలు ఎంతకీ ఆపలేదు.

ఆ తరువాతి పనిని జాగ్రత్తగా రూపొందించాను. గుడ్డు పెట్టిన కొన్ని గంటల్లోనే లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది, ఆ తరువాత గుడ్డును తిప్పితే పిండం చనిపోతుంది. అందుకే కుక్కలు, నక్కలు తవ్వే ప్రమాదం ఉన్న గూళ్ళలోని గుడ్లను సంరక్షణ కేంద్రానికి తరలించేవారు తొందరగానూ, తిప్పకుండానూ తరలిస్తారు. కాగితపు గుడ్లకు పైభాగాన పెన్సిలుతో చుక్క పెట్టి, చుక్క ఆకాశం వైపే ఉండేటట్లు ఒక గుంత నుంచి మరొక గుంతకు మార్చమన్నాను. పరుగు వద్దు, పోటీ వద్దు, ఎవరు ముందన్న ప్రశ్న వద్దు. అల్లరికి పేరుపడిన పిల్లవాడు ఒకడు రెండు చేతుల దోసిట్లో ఒకే గుడ్డును పెట్టుకుని, చుక్క మీద నుంచి చూపు తిప్పకుండా ఇసుక దాటాడు. గూటిని ఎందుకు తాకరాదో ఆ పిల్లవాడికి వేరే చెప్పవలసిన అవసరం కలగలేదు.

పొదుగు కాలం వేడిని బట్టి 45 నుంచి 60 రోజుల వరకు ఉంటుంది. పుట్టేది ఆడో మగో కూడా ఇసుక వేడిమే నిర్ణయిస్తుంది. సుమారు 29 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ రెండూ పుడతాయి, అంతకంటే చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువవుతాయి. ఒక బకెట్టు ఇసుకను ఎండలోనూ, మరొకదానిని వేపచెట్టు నీడలోనూ ఉంచి చేయి దూర్చి చూడమన్నాను. చిన్నపిల్లలకు చేతి స్పర్శ చాలు. మూడో తరగతి వారు చూస్తామంటే పాదరసం లేని థర్మామీటరు ఇచ్చాను, పగిలినా ప్రమాదం ఉండరాదు కదా.

ఫిబ్రవరి చివర: దీపం

గూటి నుంచి పిల్ల తాబేళ్ళు సాధారణంగా రాత్రిపూట బయటికి వస్తాయి, వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కుకు నడుస్తాయి. చీకటి రాత్రి ఒడ్డున సముద్రం వైపే వెలుతురు ఎక్కువ. ఊరి దీపం అంతకంటే ప్రకాశంగా ఉంటే అవి ఊరివైపు మళ్ళి, దారి తప్పి, కుక్కలకో కాకులకో చిక్కుతాయి, లేదా తెల్లవారాక ఎండకు మాడిపోతాయి. పిల్లలు బంకమట్టితో పిల్ల తాబేళ్ళను చేశారు. నిజమైన పిల్ల తాబేలు 20 గ్రాములకు మించి తూగదు కాబట్టి వంటింటి కాటాలో తూచి మరీ చేయించాను. గది కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక గోడకు తెల్లని పంచె ఆరవేసి దాని వెనుక మసకగా వెలిగే దీపం పెట్టాము, అది సముద్రం. ఎదుటి గోడ దగ్గర టార్చి, అది వీధి దీపం. వెలుతురు ఎక్కువగా ఉన్న వైపుకు మట్టి తాబేలును నడిపించాలన్నది నియమం. టార్చి వెలిగించగానే అన్నీ టార్చివైపు మళ్ళాయి. తరువాత టార్చికి అట్టతో గొడుగు కట్టి కాంతిని నేలకు దింపాము, ఎర్రని జిలుగు కాగితం చుట్టి చూశాము. ఎరుపు, నారింజ రంగుల కాంతికి తాబేళ్ళు తక్కువగా ఆకర్షితమవుతాయి. ఈ నెలల్లో సముద్రం వైపు వాకిలి బల్బును రాత్రి భోజనాలు కాగానే ఆర్పడం పిల్లలు ఇంట్లో అడిగి చేయించగలిగిన పని, చాలా ఇళ్ళలో చేయించారు కూడా.

మార్చి: వల

వల గురించి చెప్పడానికి ఇంతకాలం ఆగాను. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చుకునే ప్రాణి, గంటల తరబడి లాగే ట్రాలు వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. ఈ మాట చెప్పగానే ఒక పాప లేచి, "మా నాయన వల్లో పడితే తీసి నీళ్ళలో వదిలేస్తాడు సార్" అన్నది. ఆ మాటనే పాఠానికి పునాదిగా చేసుకున్నాను. వదిలేసే చేతికి సాయపడే చట్రమే టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్). ట్రాలు వలలో వాలుగా అమర్చిన కమ్మీల చట్రం అది. రొయ్యలూ చేపలూ కమ్మీల సందుల్లోంచి వల చివరి సంచిలోకి పోతాయి, తాబేలు కమ్మీలకు తగిలి తెరుచుకునే మూత గుండా బయటపడుతుంది. మన దేశపు అవసరాలకు తగిన నమూనాను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించింది.

తరగతిలో చేసినది ఇలా ఉన్నది. ఉల్లిపాయల వల సంచి నోటికి తీగ వలయం కుట్టాను. మధ్యలో మరో తీగ వలయానికి చీపురు పుల్లలను రెండు సెంటీమీటర్ల ఎడంతో కట్టి వాలుగా నిలిపాను. పై భాగంలో సంచికి గాటు పెట్టి గుడ్డ మూత కుట్టాను. శనగలు రొయ్యలు, చింతపిక్కలు చేపలు, చెక్క బొమ్మ తాబేలు. నీళ్ళ తొట్టిలో సంచిని నెమ్మదిగా లాగాలి. పుల్లలను నిటారుగా కడితే తాబేలు అక్కడే ఆగిపోతుంది, సుమారు 45 డిగ్రీల వాలులో కడితే జారి పైకి వస్తుంది. మట్టి బొమ్మ నీళ్ళలో కరుగుతుంది గనుక దీనికి మైనం పూసిన చెక్క బొమ్మ వాడాను. సంచి విప్పినప్పుడు శనగలు లోపల, తాబేలు బయట కనబడ్డాయి. వల చూడటానికి వచ్చిన ఒక తాత పుల్లల ఎడం కొలిచి, పెద్ద చేపలు కూడా జారిపోతాయి కదా అని అడిగారు. కొద్దిపాటి చేప పోయే మాట నిజమేనని ఆయనకు చెప్పాను, పిల్లలకూ అదే చెప్పాను.

తెగిపోయిన వల ముక్కల గురించి ఒక చిన్న పని జతచేశాను. వదులైన రబ్బరు బ్యాండును బొటనవేలు నుంచి మణికట్టు వెనుకగా చిటికెన వేలికి తగిలించి, రెండో చేయి వాడకుండా విడిపించుకోమనాలి. ఒక్క నిమిషమే, బిగుతైన బ్యాండు వాడకూడదు. ఆ తరువాత బడి గేటు దగ్గర వల ముక్కల కోసం ఒక గోనె సంచి వేలాడదీశాము. పిల్లలు ఒడ్డుకు ఒంటరిగా వెళ్ళి ఏరకూడదని, ఇంటి దగ్గర మిగిలిన ముక్కలనే తేవాలని కట్టడి చేశాము.

వేసవికి మిగిలిన పని

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో పడవలు ఒడ్డునే ఉంటాయి, పెద్దలు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఆ సమయంలో టెడ్ నమూనాను నిజమైన కొలతకు కట్టాలని ఇద్దరు మత్స్యకారులతో మాట్లాడుకున్నాను. వల ముక్క వారిది, ఇనుప కమ్మీలు, వెల్డింగు ఖర్చు నాది. నిలువెత్తు తాబేలు బొమ్మ 10 సెంటీమీటర్ల ఎడం ఉన్న కమ్మీలకు తగిలి మూతలోంచి బయటికి రావాలి కాబట్టి, మూత వెడల్పు డిప్ప వెడల్పు కంటే ఎక్కువగా ఉండేటట్లు 90 సెంటీమీటర్లు పెట్టమని అడిగాను. గంప బొమ్మకు కింది అంచు వెంట పగుళ్ళు వచ్చాయి, ఎండలు ముదిరాయి కనుక కొత్త పూత ఒక్క రోజులోనే ఆరుతుంది, ఈ వారంలో ఆ పని ముగిస్తాను.