ఈక కోసిన వేలు

ఆదివారం. రాత్రి పదిన్నర.

నిమ్మకాయ పులిహోరకి నిమ్మచెక్కలు పిండుతుంటే ఎడమచేతి చూపుడువేలు చురుక్కుమంది. చూసుకుంటే కణుపు మీద సన్నటి ఎర్రగీత. పొద్దున బాణం ఈక గీసుకుపోయింది. మైదానంలో ఉన్నంతసేపూ ఆ సంగతే తెలియలేదు. మావాడు పక్కన నిలబడి తాలింపులో పల్లీలు ఏరుకు తింటూ, "నాలాగా రికర్వ్ విల్లు పట్టుకుంటే ఈ బాధ ఉండదు కదమ్మా" అన్నాడు. పన్నెండేళ్లు వాడికి. విలువిద్యలో అప్పుడే నాకు గురువు.

వాడు చెప్పింది అబద్ధమూ కాదు. వాడి విల్లుకి బాణం ఆనించడానికి పిసరంత తీగ రెస్ట్ ఉంటుంది. నా లాంగ్‌బోకి అదేమీ లేదు. విల్లు పట్టుకున్న చెయ్యే రెస్ట్. వదిలిన ప్రతి బాణం నా వేలి కణుపుని రాసుకుంటూ పోవాల్సిందే. అందుకే దీనికి ప్లాస్టిక్ ఈకలు పనికిరావు, పక్షి ఈకలే అంటించాలి. అవైతే తగిలినచోట ఒదిగిపోతాయి. ఒదగనిది ఈక మొదట్లో ఉండే గట్టి కాడ ఒక్కటే. ఇవాళ కోసింది అదే.

మేం సౌతాంప్టన్ వచ్చి ఆరేళ్లవుతోంది. రెండేళ్ల కిందట వీడిని ఫోన్ ముందునుంచి లేపడానికి ఊరి చివర ఆర్చరీ క్లబ్బులో చేర్పిస్తూ, తోడుగా నేనూ చేరాను. కొత్తవాళ్లకి ముందు తేలికపాటి రికర్వే చేతికిచ్చారు. ఆర్నెల్లు తిరిగేసరికి సొంతది కొన్నాను. దానికి గురి చూసుకునే సైట్ ఒకటి, విల్లు ఊగకుండా ముందుకి పొడుచుకొచ్చే స్టెబిలైజర్ కడ్డీలు, క్లిక్కర్. అన్నీ బిగిస్తే రెండున్నర కిలోల పైమాటే. మా ఆయన చూసి, "ఎవరింటికి డిష్ యాంటెనా పెట్టడానికి బయల్దేరావు?" అన్నారు.

రికర్వ్ గొప్పతనమంతా కొసల్లో ఉంది. రెండు కొసలూ మనకి అవతలివైపుకి వంపు తిరిగి ఉంటాయి. నారి లాగుతున్నకొద్దీ ఆ వంపు విచ్చుకుంటుంది కాబట్టి చివరి రెండు మూడు అంగుళాలు కూడా మెత్తగా వస్తాయి. ఒకే బలమున్న రెండు విల్లులు పక్కపక్కన పెట్టి వేస్తే రికర్వ్ బాణమే వేగంగా పోతుంది. లాంగ్‌బోకి ఆ వంపు లేదు. తిన్నటి కర్ర. లాగుతుంటే చివరికొచ్చేసరికి బిగదీసుకుంటుంది. ఆ బిగువు మరీ ముంచుకు రాకుండా ఉండటానికే దాన్ని మనిషెత్తు చేస్తారు. నాది నాకంటే అయిదంగుళాలు పొడుగు. బాణం వదిలాక చేతికో జాడింపు కూడా ఇస్తుంది, గేదె తల విదిలించినట్టు. రికర్వ్‌కైతే నడుం దగ్గర చెక్క కోసి బాణానికి దారి వదులుతారు. దీనికి అదీ లేదు. బాణమే చేపలా అటూ ఇటూ వంగుతూ కర్రని చుట్టుకుని పోవాలి. అందుకని విల్లు బలానికి తగ్గ మెత్తదనం ఉన్న బాణాలు ఏరుకోవాలి. మరీ గట్టి బాణమైతే ఎడమకి కొట్టుకుపోతుంది.

ఇన్ని లోపాలున్నదాన్ని ఎందుకు పట్టుకున్నావంటే, నా కథ క్లిక్కర్ దగ్గర మొదలవుతుంది.

క్లిక్కర్ అంటే బాణం మీద ఆనే సన్నటి రేకు. బాణాన్ని సరిగ్గా లాగాల్సినంత లాగితే ములికి దాని కిందనుంచి జారి టిక్కుమంటుంది. టిక్కుమనగానే వదలాలి. పోయినేడు చలికాలంలో నాకా టిక్కు పీడకలైపోయింది. ఇంకో రెండు మిల్లీమీటర్లు లాగితే మోగుతుందని తెలుసు. లాగను. చెయ్యి వణుకుతుంది, సైట్‌లో గురి నడుమ ఉండే పసుపు మచ్చ ఊగుతుంది, బుర్రలో మాత్రం ఆఫీసు మీటింగులాగా నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటారు. దించేస్తాను. మళ్లీ లాగుతాను. మళ్లీ దించుతాను. టార్గెట్ ప్యానిక్ అంటారట దీన్ని. విల్లు పట్టినవాళ్లలో చాలామందికి వచ్చే జబ్బే. శనివారం రాత్రి నుంచే టెన్షన్ మొదలయ్యేది. డబ్బు కట్టి మరీ టెన్షన్ పడుతున్నానేంటా అనిపించేది.

ఆ రోజుల్లోనే క్లబ్బులో ఒక పెద్దాయన తన లాంగ్‌బో నా చేతిలో పెట్టి "ఏమీ ఆలోచించకు, లాగి వదిలెయ్" అన్నారు. చేతిలో కిలో బరువు కూడా లేదు. చూసుకోవడానికి చుక్క లేదు, వినడానికి టిక్కు లేదు. నారి పెదవి మూలకి రావడమూ వేళ్లు విడిపోవడమూ ఒకే కదలికలో అయిపోయాయి. బుర్రలో నలుగురూ నోరు తెరిచేలోపే బాణం వెళ్లిపోయింది. గురికి రెండడుగులు ఎడంగా గడ్డిలో దిగిందనుకోండి, అది వేరే విషయం. నాకు నవ్వొచ్చింది. విల్లు పట్టుకుని నవ్వి అప్పటికి ఎన్నాళ్లయిందో.

ఇవాళ తొమ్మిదికల్లా మైదానంలో ఉన్నాం. మావాడు పెట్టె తెరిచి ఒక్కో ముక్కా బిగించుకునేసరికి పావుగంట పట్టింది. నేను గుడ్డసంచిలోంచి కర్ర తీసి ఎక్కుపెట్టాను, అంతే. ఈ ఎక్కుపెట్టడం అన్న మాట అసలర్థం నా చేతులకి ఇక్కడికొచ్చాకే తెలిసింది. మనమిప్పుడు దాన్ని గురిపెట్టడం అనే అర్థంలో వాడేస్తున్నాం, తుపాకీలు కూడా ఎక్కుపెట్టేస్తున్నాం. విల్లు వంచి కొసకి నారి తగిలించడమే కదా ఎక్కుపెట్టడమంటే. సీత పెళ్లినాడు రాజులంతా చతికిలబడింది అక్కడే, బాణం దాకా వాళ్లలో ఒక్కడూ రాలేదు. లాగడానికి 35 పౌన్ల బలం చాలే నా కర్రకే నేను పళ్లు బిగించాలి. నారి తగిలించాక పిడికిలి ఆనించి బొటనవేలు నిలబెట్టి చూస్తాం. విల్లుకీ నారికీ మధ్య పిడికిలీ బొటనవేలూ పట్టేంత సందు ఉండాలి. నా సామానులో ఉన్న కొలబద్ద అదొక్కటే. ఆట అయిపోగానే నారి దించెయ్యాలి. ఎక్కించి మర్చిపోయామా, కర్ర అలాగే వంగి సోలిపోతుంది.

నాది మూడు చెక్కలు అతికించి చేసింది. బయటివైపుని వీపు అంటారు, అది వెదురు. మనవైపు ఉండేది పొట్ట, అది లెమన్‌వుడ్. నిమ్మచెట్టుకీ దానికీ చుట్టరికమేమీ లేదు, పేరొక్కటే. నడుమ ఊదారంగు చెక్క ఒకటి, పర్పుల్‌హార్ట్ అని. లాగినప్పుడు వీపు సాగాలి, పొట్ట నలగాలి. సాగే పనికి వెదురు పెట్టింది పేరు. దాని కణుపుల్ని చెక్కెయ్యకుండా అలాగే ఉంచుతారు, వేలితో తడిమితే తెలుస్తాయి. తడిమినప్పుడల్లా రంపచోడవరం దారిలో వెదురు పొదలు గుర్తొస్తాయి నాకు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట కదిలిన మన్యం జనం చేతుల్లోనూ విల్లంబులే.

ఇవాళ వేసింది నేషనల్ రౌండ్. 60 గజాల నుంచి నాలుగు డజన్లు, 50 గజాల నుంచి రెండు డజన్లు, మొత్తం 72 బాణాలు. పసుపుకి 9, ఎరుపుకి 7, నీలానికి 5, నలుపుకి 3, తెలుపుకి 1. అన్నీ పసుపులో పడితే 648. సైట్ లేదు కాబట్టి ములికే నా సైట్. 60 గజాల నుంచైతే ములికిని తిన్నగా పసుపు మీద పెడితే సరిపోతుంది. 50కి వచ్చేసరికి బాణం పైకి పోతుంది, అందుకని ములికి కిందికి దించి గడ్డిలో దేన్నో ఒకదాన్ని చూసుకోవాలి. గురిబల్లకి ఆరడుగుల ముందు ఒక డాండెలైన్ పువ్వు దొరికింది. దాని మీద ములికి పెట్టి వేస్తే ఆరింట్లో ఒకటి పసుపు, మూడు ఎరుపు! గాల్లో తేలుతూ వెళ్లి బాణాలు పీక్కొచ్చాను. గీత దగ్గరికొచ్చి చూస్తే పువ్వు లేదు. ఎవరి బూటు కిందో పడి నలిగిపోయింది. నా బూటే అయ్యుండొచ్చు. తర్వాతి ఆరింట్లో రెండు అసలు బల్లకే తగల్లేదు. ఆపైన తుప్పర మొదలై ఈకలు తడిసి అణిగిపోయాయి. గడ్డిలో దూరిన ఒక బాణాన్ని మెటల్ డిటెక్టర్ పట్టుకుని పదినిమిషాలు వెతికాం. చెక్కబాణమైనా ములికి ఇనుమే కాబట్టి చివరికి కుయ్‌మంది.

మొత్తం 203. రికర్వ్‌తో నా పాత రికార్డు 471. దాచడానికేముంది.

మావాడికీ కలిసిరాలేదు ఇవాళ. క్లిక్కర్ లూజైందన్నాడు, బాణం పక్కన ఆనే బటన్‌లో స్ప్రింగ్ మారిందన్నాడు, స్టెబిలైజర్ వదులైందన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే" అన్నాను. అన్నాక అనిపించింది, లాంగ్‌బోలో నాకు నచ్చిందీ అదేనేమో, ఓడు అనడానికి మద్దెలే లేదు. కర్ర, తాడు, నేను. "మరి నువ్వు ఇందాక వానని తిట్టావు, డాండెలైన్‌ని తిట్టావు" అన్నాడు వాడు. నిజమే.

టీ తాగుతుండగా పెద్దాయనని పట్టుకున్నాడు. "అంత మంచిదైతే ఒలింపిక్స్‌లో ఎందుకు లేదు?" ఆయన నొచ్చుకోలేదు. "మంచిదని ఎవరన్నారు? గురి తగలాలంటే నీదే మేలు" అన్నారు. ఆయన దారి నా దారి కాదు. విల్లు చెక్కడమంటేనే ఆయనకి ప్రాణం, వెయ్యడం దాని తర్వాత. యూ చెట్టు దుంగ దొరికితే ఏళ్లు ఆరబెడతారు. ఆ చెట్టులో వింతేమిటంటే ఒకే కర్రలో రెండు గుణాలుంటాయి. బెరడు కిందుండే తెల్ల చెక్క సాగుతుంది, లోపలి ఎర్ర చేవ నలుగుడుకి తట్టుకుంటుంది. మూడు చెక్కలు అతికించి నా విల్లులో తెచ్చిన పనిని చెట్టే చేసి పెట్టింది. అందుకే ఒకప్పుడు ఇంగ్లండుకి ఆ కర్ర మీద అంత ఆకలి. 1472లో చట్టమే చేశారు, ఈ దేశపు రేవులకి సరుకు తెచ్చే వర్తకులు టన్నుకి నాలుగు చొప్పున వింటి కర్రలు కూడా తేవాలని.

ఎంతటి విల్లులో అవి, పోయిన వేసవి సెలవుల్లో పోర్ట్స్‌మత్ మ్యూజియంలో చూశాం. మేరీ రోజ్ అనే యుద్ధనౌక 1545లో ఇక్కడే మా సముద్రపు పాయలో మునిగి, 1982లో పైకొచ్చింది. అందులో 130కి పైగా లాంగ్‌బోలు చెక్కుచెదరకుండా దొరికాయి, బాణాలు వేలల్లో. వాటిని లాగడానికి 100 పౌన్లకి పైనే బలం కావాలని లెక్కగట్టారు. నా 35 తలుచుకుని అద్దం ముందు కాసేపు నోరు మూసుకున్నాను. అక్కడ దొరికిన కొన్ని అస్థిపంజరాల్లో భుజం ఎముక కొస అతుక్కోకుండా విడిగానే ఉండిపోయిందట. చిన్నప్పటినుంచీ అంత బరువు విల్లులు లాగినవాళ్లయి ఉంటారని ఊహ. మావాడు తన భుజం తడుముకుని చూసుకున్నాడు.

నాకు చిరాకు పుట్టించే లాంగ్‌బో వాళ్లూ ఉన్నారు. రికర్వ్‌ని ఇనుప సామానని వెక్కిరిస్తారు, తామేదో నిఖార్సయిన విలుకాళ్లమన్నట్టు. వాళ్ల నారి నైలాన్‌కి చుట్టమే, కర్రల అతుకుల్లో ఉన్నది ఫ్యాక్టరీ జిగురే. నేను రికర్వ్ అమ్మలేదు. మంచం కింద పెట్టెలో ఉంది.

మధ్యాహ్నం అమ్మ వీడియో కాల్ చేసింది. విజయవాడలో ఉంటూ విల్లుల సంగతి తెలియకపోతే ఎలా అన్నట్టు మాట్లాడుతుంది ఈమధ్య. హాంగ్‌జౌ ఏషియాడ్‌లో జ్యోతి సురేఖకి మూడు బంగారాలు వచ్చినప్పటినుంచీ అంతే.

"ఏమే, సురేఖ వేసే విల్లేనా నీది?"

"కాదమ్మా, తనది కాంపౌండ్. కొసల్లో చక్రాలుంటాయి."

"మరి మన ధీరజ్‌ది?"

"అది రికర్వ్. నీ మనవడిది లాంటిదే."

పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో ధీరజ్ వాళ్లకి కంచు పతకం చేజారి నాలుగో స్థానం దక్కిన రోజు అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. అందుకని ఆ పేరెత్తగానే కాసేపు ఆగింది.

"అయితే నీలాంటిది ఇంకెవరు వేస్తారే?"

నాకు చప్పున రాముడు తప్ప ఎవరూ తట్టలేదు. అదే చెప్పాను. అమ్మ నవ్వి, దసరాకి పంతులుగారి వెంట విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన రోజుల్లోకి వెళ్లిపోయింది. బాణంతో పూలరేకులు చిమ్మేవాళ్లట, పప్పుబెల్లాలు పెట్టేవాళ్లట. అందులో ఇంతవరకూ అమ్మ చెప్పని కొత్త సంగతి ఒకటుంది ఇవాళ. పూలు చిమ్మబోయి మా పెద్దమావయ్య కంట్లో కొట్టిందట.

అందరూ పడుకున్నారు. బాణాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచాను. ఈక మొదట్లో ఉన్న కాడ మీద దారం దగ్గరగా చుట్టి, పైన చుక్క జిగురు పూస్తే ఇక వేలిని కొయ్యదట, పెద్దాయన చెప్పారు. అమ్మ పంపిన కుట్టుడబ్బాలో ఎర్రదారం ఉండ ఒకటి దొరికింది. పన్నెండింట్లో ఏడు అయ్యాయి. వేలు ఇంకా నిమ్మకాయ వాసనే. మిగతా అయిదూ రేపు ఆఫీసు అయ్యాక.