సీఎస్ఐఆర్ నెట్ మ్యాథ్స్: ఒక్క ప్రైమ్‌ని పట్టుకుని నంబర్ థియరీ, గ్రూప్స్ చదివిన తీరు

సీఎస్ఐఆర్ నెట్ అంటే జేఆర్ఎఫ్‌కి, లెక్చరర్ ఉద్యోగాలకి అర్హత పరీక్ష. అందులో పార్ట్-సి సంగతి రాసేవాళ్లందరికీ తెలిసిందే. ప్రశ్నకి 4.75 మార్కులు, నెగెటివ్ లేదు, కానీ సరైన ఆప్షన్లన్నీ పెట్టకపోతే సున్నా. థియరం కంఠతా వచ్చినంత మాత్రాన ఇక్కడ గట్టెక్కలేం. దాన్ని ఒక సంఖ్య మీద పెట్టి చేతులారా చేసి ఉండాలి. అందుకు నేను ఎంచుకున్నది 2147483647, అంటే 2³¹ − 1. 7, 13 లాంటి చిన్న ప్రైమ్‌లకి పట్టిక వేసుకుని జవాబు చూసేయొచ్చు. దీనికి ఆ వీలు లేదు, థియరం వాడి తీరాల్సిందే.

ముందు, ఇది ప్రైమ్ అని ఎలా చెప్పాలి? వర్గమూలం 46340 దాటుతుంది. అంతవరకూ ఉన్న ప్రైమ్‌లన్నిటితో భాగిస్తూ కూర్చోలేం. ఆయిలర్ 1772లో ఈ సంఖ్య ప్రైమ్ అని తేల్చాడు. దారి ఎంత అందంగా ఉంటుందో చూడండి. 'క్యూ' అనే ప్రైమ్ దీన్ని భాగిస్తుందనుకుందాం. అప్పుడు మాడ్యులో క్యూలో (అంటే క్యూతో భాగించగా వచ్చే శేషాల్లో) 2 ఆర్డర్ 31, అంటే 2 ఘాతాల్లో శేషం 1 మొదటిసారి వచ్చేది 2³¹ దగ్గర. ఫెర్మా లిటిల్ థియరం ప్రకారం 2ని క్యూ − 1 ఘాతానికి పెంచినా శేషం 1 వస్తుంది, కాబట్టి క్యూ − 1ని 31 భాగించాలి. క్యూ బేసి కాబట్టి 62 కూడా భాగిస్తుంది. పైగా (2¹⁶)² = 2³² ≡ 2, అంటే 2 ఒక వర్గశేషం (క్వాడ్రాటిక్ రెసిడ్యూ, ఏదో వర్గాన్ని క్యూతో భాగిస్తే వచ్చే శేషం). కాబట్టి క్యూని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 అయ్యే సంఖ్యలే మిగులుతాయి. 46340 లోపు అలాంటివి 373 మాత్రమే, వాటిలోనూ ప్రైమ్‌లని చూస్తే చాలు. పుస్తకం మూసి ఈ పేరా మీరే రాసి చూడండి. ఆర్డర్, ఫెర్మా, క్వాడ్రాటిక్ రెసిడ్యూ మూడూ ఒకేసారి రివిజన్ అయిపోతాయి.

ఇక గ్రూప్స్. ఈ ప్రైమ్‌ని 'పి' అందాం. గుణకారం కింద సున్నా కాని శేషాల గ్రూప్ సైక్లిక్, అంటే ఒక్క మూలకం ఘాతాలతోనే గ్రూప్ అంతా వచ్చేస్తుంది, ఆ మూలకాన్నే జనరేటర్ అంటారు. గ్రూప్ ఆర్డర్, అంటే మూలకాల సంఖ్య, పి − 1 = 2·3²·7·11·31·151·331. ఈ ఒక్క లైను నుంచి ఎన్ని ప్రశ్నలైనా తీయొచ్చు. సబ్‌గ్రూపులు ఎన్ని? భాజకాలు ఎన్నో అన్ని, 192. జనరేటర్లు ఎన్ని? పి − 1కి ఫై విలువ (దానికన్నా చిన్నవై, దానితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని సంఖ్యలు ఎన్నో అది), 53,46,00,000. పి − 1లో 2 ఒక్కసారే ఉంది కాబట్టి −1 వర్గం కాదు. 7 ఒక జనరేటర్. 5కీ పి − 1కీ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు, అందుకే 7⁵ = 16807 కూడా జనరేటరే. కంప్యూటర్లలో రాండమ్ నంబర్లు తయారుచేయడానికి ఈ 16807నే, ఈ ప్రైమ్‌తో కలిపి, చాలాకాలం వాడారు.

ఇది పట్టు చిక్కాక 2⁶¹ − 1 తీసుకోండి. అదీ ప్రైమే, కానీ అక్కడ పి − 1ని 5 భాగిస్తుంది. అందువల్ల ఎక్స్⁵ = 1కి ఇక్కడ ఒకటే సాధన ఉంటే, అక్కడ ఐదు వస్తాయి.