అది టాన్సిల్ కాదట!

ఇవాళ హిస్టాలజీ (కణజాలాల చదువు) స్పాటింగ్‌లో, అంటే మైక్రోస్కోప్‌లో స్లైడ్ చూసి అదేంటో రాసే పరీక్షలో, బోల్తా పడ్డాను. ముదురు ఊదా రంగు గుండ్రాలు, నడుమ లేత రంగు. ఇంకేముంది, "టాన్సిల్" అని రాసిపారేశాను. తీరా చూస్తే అది ఇలియం (చిన్నపేగు చివరి భాగం), దాని గోడలోని రోగనిరోధక కణాల గుంపు పేయర్స్ ప్యాచ్! 1677లో స్విస్ వైద్యుడు పేయర్ వర్ణించినదాన్ని నేను ఇప్పటికీ పోల్చుకోలేకపోయాను.

మేడమ్ తిట్టలేదు. "పైపొర చూశావా?" అన్నారంతే. మళ్లీ కన్ను ఆనించాను. టాన్సిల్ అయితే పైన స్క్వేమస్ (చదునైన) కణాలు పొరలు పొరలుగా ఉండి, క్రిప్టులుగా (లోతైన గుంటలుగా) లోపలికి దిగాలి. ఇక్కడున్నది ఒకే వరస, నిలువు కణాలు. పక్కన వేళ్లలా విల్లై. ఫాలికిల్ (ఆ ఊదా గుండ్రం) గుమ్మటంలా ఉబ్బినచోట మాత్రం విల్లై లేవు, జిగురు స్రవించే గోబ్లెట్ కణాలూ బాగా తక్కువ.

ఆ గుమ్మటం మీదే ఎమ్ కణాలుంటాయి. పేగులోని సూక్ష్మజీవుల్ని లోపలికి తీసుకుని కింది రోగనిరోధక కణాలకు అందిస్తాయి. ఒక్కో కణం అడుగున చిన్న జేబు, అందులో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు). మామూలు మైక్రోస్కోప్‌లో ఎమ్ కణాల్ని పోల్చుకోవడం కష్టమని తెలిసీ వెతికాను, అది వేరే సంగతి.

గుండ్రం నడుమ లేత భాగం జెర్మినల్ సెంటర్, బి కణాలు (యాంటీబాడీల పని చూసే లింఫోసైట్లు) పెరిగి విభజన చెందే చోటు. చుట్టూ ముదురు అంచు చిన్న లింఫోసైట్లది, కణం దాదాపు అంతా న్యూక్లియస్సే. వెనకవాళ్లు జరగమంటున్నా కాసేపు అక్కడే ఉండిపోయాను.