అమ్మ ఎవరిని చూసి నవ్వింది?

ఆదివారం, రాత్రి పదిన్నర

ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో కాపురం ఉంటూ చార్మినార్ ముందు ఒక్క ఫోటో కూడా తీయించుకోని నేను, ఈ రోజు డబ్బిచ్చి మరీ తీయించుకున్నాను. డల్లాస్ నుంచి వచ్చిన మా చెల్లెలు తిరిగి వెళ్లేలోపు అమ్మతో మంచి ఫోటోలు ఉండాలని పట్టుబట్టి, పాతబస్తీలో నడిపిస్తూ, చరిత్ర చెబుతూ, మధ్యమధ్యలో ఆపి ఫోటోలు తీసే మూడు గంటల ఫోటోవాక్ ఒకటి బుక్ చేసింది. ఆరింటికల్లా గుల్జార్ హౌజ్ దగ్గర ఉండాలన్నారు. డిసెంబరు చలికి అమ్మ పట్టుచీర మీద నా పాత స్వెటర్ వేసుకుని, ఫోటోల్లో మాత్రం అది కనబడకూడదని కారులోనే షరతు పెట్టింది.

మమ్మల్ని నడిపించిన కుర్రాడికి పాతికేళ్లు ఉంటాయేమో గానీ, పని తెలిసినవాడు. నాలుగు కమాన్ల నడుమ నిలబెట్టి, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించిన సంగతి చెబుతూనే, చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంగా పొడుస్తాడు కాబట్టి గుల్జార్ హౌజ్ వైపు నుంచి చూస్తే కట్టడం నీడలోనే ఉంటుందని, మంచి ఫోటో కావాలంటే తూర్పున సర్దార్ మహల్ దారిలోకి వెళ్లాలని అన్నాడు. అతను చెప్పినట్టే, ఏడు కావస్తుండగా ఎండ ఏటవాలుగా పడేసరికి, ఎప్పుడూ మాసిన గోడలా కనిపించే గచ్చు మీద పువ్వులు, తీగలు ఒక్కొక్కటిగా పైకి తేలాయి. 1889లో పెట్టిన గడియారాలు, మినార్ల చుట్టూ తిరిగే సన్నని వసారాలు ఇంతకాలం నా కంటికి ఎందుకు ఆనలేదో మరి. ఈ దారిలో ఎప్పుడు వచ్చినా ఆటోలను తప్పించుకోవడంతోనే సరిపోయేది.

ఎండ కోసం ఎదురుచూస్తున్న ఆ పావుగంటలోనే అమ్మకు కాలక్షేపం దొరికింది. రోడ్డు ఊడుస్తున్న ఒకావిడను “ఏ ఊరమ్మా మీది?” అని అడిగింది. సూర్యాపేట దగ్గర పల్లెటూరట. మాది ఖమ్మం అని అమ్మ అనగానే ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని, తన ఆడపడుచును ఖమ్మంలోనే ఇచ్చారని మొదలుపెట్టింది. ఇద్దరూ ఏం చెప్పుకున్నారో గానీ, అమ్మ చెయ్యి చాపి ఆవిడ భుజం తట్టి గట్టిగా నవ్వింది. అదే క్షణంలో కెమెరా టిక్కుమన్న చప్పుడు విన్నాను. ఆ వెంటనే కుర్రాడు, మర్యాదగానే, “కొంచెం అటు జరుగు అక్కా, ఫ్రేములో పడుతున్నవ్” అన్నాడు. ఆవిడ ఏమీ అనుకోకుండా జరిగింది. నాకే ఎందుకో తలవంపుగా అనిపించింది. పొద్దున్నుంచీ ఆ దారిని ఫోటోకు పనికొచ్చేలా చేస్తున్నది ఆవిడే కదా.

ఆ తర్వాత అమ్మ బిగుసుకుపోయింది. “ఆంటీ, గడ్డం కొంచెం దించండి” అన్నకొద్దీ ఆధార్ కార్డు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుంది. ఛాయ్ తాగుతున్నవాళ్లందరూ తననే చూస్తున్నారని ఆమె బాధ. ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో ఇదే ఊళ్లో ఆడవాళ్లకు విడిగా జనానా స్టూడియో పెట్టి, దానిని ఒక ఆంగ్లేయ స్త్రీకి అప్పగించిన సంగతి నేనెక్కడో చదివాను. అది పరదా కోసం అయినా, మా అమ్మలాంటి వాళ్లకు ఇవాళ కూడా అలాంటి గదే సుఖం.

మక్కా మసీదు ముంగిట పావురాలతో నాలుగు ఫోటోలు అయ్యాయి. 1617లో మొదలై 1694కు గానీ ముగియని కట్టడం దగ్గర మేము గడిపింది పది నిమిషాలు. లాడ్ బజారుకు వెళ్లేసరికి షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. ఎండను బట్టి నడక పెట్టుకుంటే గాజుల కొట్లు ఎలాగూ తెరిచి ఉండవన్న ముక్క బుకింగ్ అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. అదృష్టం కొద్దీ వెనక సందులో ఒక చిన్న గదిలో పని నడుస్తోంది. బొగ్గుల సెగ మీద మెత్తబడిన లక్కను పలక మీద దొర్లించి సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి అంచులు అతికి, వేడి చల్లారకముందే ఆవగింజంత రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుతున్నారు. అమ్మ గడప మీద కూర్చుని అరగంట కదల్లేదు. కుర్రాడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

సాయంత్రానికి నలభై ఫోటోలు వాట్సాప్‌లో వచ్చాయి. నిజం చెప్పాలంటే బాగున్నాయి. స్వెటర్ ఒక్కదానిలోనూ లేదు. చెల్లెలు మెచ్చి ఫ్రేము కట్టించాలన్న ఫోటోలో ఖాళీ రోడ్డు, బంగారు రంగు చార్మినార్, దాని ముందు అమ్మ. చెయ్యి ముందుకు చాపి, తల కాస్త వాల్చి, కడుపారా నవ్వుతోంది. ఎదురుగా ఎవరూ లేరు. ఊడ్చే ఆవిడను ఎంత శుభ్రంగా చెరిపేశారంటే, నేల మీద నీడ కూడా మిగల్లేదు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇదేమిటే, పిచ్చిదానిలా ఒక్కదాన్నే నవ్వుతున్నాను, ఆ సూర్యాపేట ఆవిడ ఏదీ?” అంది.

చెరపని ఫోటో పంపమని మెసేజ్ పెట్టాను. “దాంట్లో వేరే మనిషి ఉన్నారు మేడమ్, పర్లేదా?” అని జవాబు వచ్చింది. పర్లేదు, అదే కావాలన్నాను. ఇది రాస్తున్న సమయానికి ఇంకా రాలేదు.